ఇంగ్లీషు నాలుకతో స్పానిష్: డబుల్ ఆర్ కంటే ముందు సరిచేయాల్సినవి ఏవి?

#1 పలకాబలపం

అమెరికాలో హైస్కూల్లో స్పానిష్ తీసుకునే పిల్లల గురించి అడుగుతున్నాను. వాళ్ళకి నోటికి మొదట వచ్చేది ఇంగ్లీషే. ఇంట్లో తెలుగు వింటారు, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్తారు. స్పానిష్ పదాలు, క్రియారూపాలు బాగానే పడతాయి. చదవమంటే మాత్రం స్పానిష్ అక్షరాల్లోంచి ఇంగ్లీషు వినిపిస్తుంది. ఎవర్ని అడిగినా "ముందు ఆ డబుల్ ఆర్ (రెండు ఆర్‌లు రాసిన చోట నాలుక కొస మోగించే ధ్వని) పట్టు" అంటారు. నిజంగా అక్కడి నుంచే మొదలుపెట్టాలా? చెవిలో ఉన్న ఆ కాస్త తెలుగు ఏమైనా పనికొస్తుందా? "ఫలానా యాప్ వాడండి" అని మాత్రం వద్దండీ, నోట్లో ఏం చెయ్యాలో చెప్పండి.

#2 నాలుకకొస

డబుల్ ఆర్ రాకపోతే వినేవాడు నవ్వుతాడు గానీ చాలాసార్లు అర్థం చేసుకుంటాడు. అచ్చులు పాడైతే మాటే మారిపోతుంది. కాబట్టి అచ్చులతో మొదలుపెట్టండి.

స్పానిష్‌కి ఐదే అచ్చులు: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషు నోరు వీటిని రెండు రకాలుగా చెడగొడుతుంది.

మొదటిది తోక. ఇంగ్లీషులో "నో" అనేటప్పుడు చివర పెదవులు ఇంకా ముడుచుకుంటాయి, అంటే నిజానికి పలికేది "నొఉ". "డే" అంటే చివర "య్" వస్తుంది. స్పానిష్‌లో ఆ తోకకి అర్థం ఉంది. "లె" అంటే అతనికి, "లెయ్" అంటే చట్టం. "పెనా" దుఃఖం, "పెయ్నా" తల దువ్వుతుంది. అద్దం ముందు "నొ", "కె", "లె" అనిపించండి. అచ్చు మొదలయ్యాక పెదవులు గానీ దవడ గానీ కదిలితే తోక వచ్చినట్టే. ఒక్కోటీ ఠక్కున ఆపేయడం అలవాటు చెయ్యాలి.

రెండోది దీనికంటే పెద్ద తప్పు. ఊనిక (మాటలో ఒక ముక్కని నొక్కి పలకడం, స్ట్రెస్) లేని చోట ఇంగ్లీషు అచ్చుని నలిపేస్తుంది. "బనానా" అనే ఇంగ్లీషు మాటలో నిజంగా పలికే అచ్చు మధ్యది ఒక్కటే, అటూ ఇటూ ఉన్నవి సగం మింగేసినవి. స్పానిష్‌లో మూడూ పూర్తిగా వినపడాలి. అసలు ఆ భాషలో వ్యాకరణమంతా మాట చివర నలిగిపోయే చోటే కూర్చుంది: "ఎర్మానొ" అన్నదమ్ముడు, "ఎర్మానా" అక్కచెల్లెలు. "ఆబ్లాస్" మాట్లాడుతున్నావు, "ఆబ్లెస్" మాట్లాడాలని కోరుతున్న రూపం. చివరి అచ్చు నలిపితే లింగమూ పోతుంది, క్రియారూపమూ పోతుంది. పిల్లాడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదంతా నోట్లో పోగొట్టుకుంటాడు.

పెన్సిలుతో బల్లమీద తడుతూ ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ, అన్నీ ఒకే ఎడంతో: చొ-కొ-లా-తె, నాలుగు దెబ్బలు. ఇంగ్లీషువాడు అదే మాటని రెండు మూడు దెబ్బల్లో ముగిస్తాడు.

(ఇక్కడ రాత గురించి: ఎ, ఒ హ్రస్వంగానే రాస్తున్నా. ఆ మాత్రం దీర్ఘంగా రాసేది పొడవు కోసం కాదు, నోరు తెరవడం కోసం.)

#3 పెసరట్టు_ప్లస్_తాకో

తెలుగులో ఎ, ఏ వేరు కదా, ఒ, ఓ వేరు కదా. స్పానిష్‌ది ఏది?

#4 నాలుకకొస

రెండూ కాదు. స్పానిష్‌లో పొడవుతో అర్థం మారదు. ఊనిక ఉన్న అచ్చు కాస్త పొడుగ్గా వినిపిస్తుంది, అంతే. తెలుగు దీర్ఘమంత సాగదీస్తే పాఠం అప్పజెప్పినట్టుంటుంది.

తెలుగు చెవి వల్ల ఇంకో చిక్కు ఉంది. మనం "ఎక్కడ"ని "యెక్కడ" అంటాం, "ఒకటి"ని "వొకటి" అంటాం. ఆ అలవాటు "ఎస్తె" మీద పడితే "యెస్తె", "ఒచొ" మీద పడితే "వొచొ" అవుతుంది. తెలుగే మాట్లాడుతూ పెరిగినవాళ్ళలో ఇది ఎక్కువ, ఇంగ్లీషు పిల్లల్లో దాదాపు ఉండదు. సాయం చేసే పెద్దవాళ్ళు తమ యకారం, వకారం అంటించకుండా చూసుకోవాలి.

#5 చెవిలోజోరీగ

అచ్చుల మాటకి ఒప్పుకుంటా. రెండో స్థానం ప, త, క లది. వీటి గురించి ఎవరూ మాట్లాడరు, ఇంగ్లీషు యాస ముందు బయటపడేది మాత్రం వీటిలోనే.

మాట మొదట ఇంగ్లీషువాడు పలికే ప, ట, క లకి గాలి తోడవుతుంది, మన ఒత్తక్షరాల్లాగ. 1964లో లిస్కర్, అబ్రామ్‌సన్ అనే ఇద్దరు కొలిచారు: పెదవులు గానీ నాలుక గానీ విడిపోయిన క్షణం నుంచి గొంతు మోగడం మొదలయ్యేదాకా ఎంతసేపు పడుతుందని. ఇంగ్లీషులో సగటున ప కి 58, ట కి 70, క కి 80 మిల్లీసెకన్లు. ప్యూర్టోరికో స్పానిష్‌లో 4, 9, 29. తేడా అంతుంది.

సరిచేసుకునే దారి ఇంగ్లీషులోనే ఉంది. "స్పిన్", "స్టాప్", "స్కిల్" అన్నప్పుడు ఎస్ తర్వాత వచ్చే ప, ట, క లకి గాలి ఉండదు. పల్చటి టిష్యూ కాగితాన్ని పెదవులకి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుని "పిన్", "స్పిన్" అనమనండి. మొదటిదానికి కాగితం ఎగురుతుంది, రెండోదానికి ఎగరదు. తర్వాత "స్స్స్…పెసొ" అని, ఆ ఎస్‌ని మెల్లగా తగ్గిస్తూ చివరికి తీసేయాలి. కాగితం కదలకుండా "పెసొ" వస్తే కుదిరినట్టు.

ఇక్కడ పిల్లలు గట్టిగా అడ్డం తిరుగుతారు: "నేను బెసొ అంటున్నట్టుంది" అని. గాలి లేని ప ఇంగ్లీషు చెవికి బ లాగే వినిపిస్తుంది. అలా అనిపించిందంటే సరైన చోటికి వచ్చారని అర్థం. కానీ "బెసొ" అనే మాట విడిగా ఉంది, ముద్దు అని అర్థం. "పెసొ" బరువు. కాబట్టి బ ని కూడా మార్చాలి. ఇంగ్లీషువాళ్ళు మాట మొదటి బ ని చాలాసార్లు గొంతు మోగించకుండానే విడుస్తారు. స్పానిష్ బ పెదవులు మూసి ఉండగానే మోగాలి. పెదవులు మూసి "మ్మ్" అని గొంతు మోగించి, ఆ మోత ఆపకుండా "బెసొ" అనాలి. మన "బండి"లో బ అచ్చంగా ఇదే.

త, ద ల సంగతి తెలుగువాళ్ళకి చెప్పడం తేలిక. ఇంగ్లీషు వాటికి నాలుక పళ్ళ వెనక గట్టుకి తగులుతుంది, అందుకే మన చెవికి అవి ట, డ గా పడతాయి. స్పానిష్‌వి పళ్ళకే తగులుతాయి, అంటే తాత లో త, దండ లో ద. మనం "టాకో" అని రాసేది ఇంగ్లీషు మీదుగా వచ్చిన మాట. స్పానిష్‌వాడు అనేది "తాకొ". ఇంట్లో తెలుగు విన్న పిల్లాడికి "టాకో కాదు, తాత లో తా" అంటే చాలు. మిగతా క్లాసు వారాల తరబడి చేసే పని వాడికి ఒక్క పూటలో అవుతుంది.

#6 పెసరట్టు_ప్లస్_తాకో

"క్యూబా", "మెక్సికో", "అర్జెంటీనా" అని మన పేపర్లు రాసేవి కూడా ఇంగ్లీషు మీదుగా వచ్చినవే కదా?

#7 చెవిలోజోరీగ

అవును. వాళ్ళ నోట "కుబా", "మెహికొ", "ఆర్హెంతినా". తెలుగులో మనం ఎలా రాసుకున్నా ఇబ్బంది లేదు, అవి తెలుగు మాటలైపోయాయి. స్పానిష్ మాట్లాడేటప్పుడే జాగ్రత్త. ఉ ముందు "య" దూర్చడం ఇంగ్లీషు జబ్బు: "మ్యూజికా" కాదు, "ముసికా". ఆ "జ" కూడా ఉండకూడదు. "విజిట్", "ప్రెజిడెంట్", "రోజ్" లలో వచ్చే ఇంగ్లీషు జెడ్ ధ్వని స్పానిష్‌లో అచ్చుల మధ్య రానే రాదు. "బిసితా", "ప్రెసిదెంతె", "ర్రొసా". ఆఖరికి జెడ్ అక్షరాన్ని కూడా అలా పలకరు. ఇంగ్లీషులో అలాంటి మాటే ఉండటం వల్ల ఈ తప్పు జరుగుతుంది, తెలియని మాట దగ్గర జరగదు.

#8 శకటరేఫ

ఇక నా వంతు. డబుల్ ఆర్‌ని వెనక్కి నెట్టారు, సరే. కానీ దానికి ముందు సింగిల్ ఆర్ ఉంది, దాన్ని దాటి ఎవరూ వెళ్ళలేరు.

అచ్చుల మధ్య ఒక్క ఆర్ అంటే నాలుక కొస పైగట్టుకి ఒకే ఒక్కసారి తగిలి రావడం. అమెరికన్ ఇంగ్లీషులో "వాటర్", "బటర్", "లాడర్" మధ్యలో వినిపించేది ఇదే ధ్వని. వాళ్ళు దాన్ని టి అనో డి అనో అనుకుంటారు, అంతే తేడా. "పారా" అనే మాటని ఇంగ్లీషు చెవికి "పాడా" అనిపించేలా పలికించండి, సరిగ్గా వస్తుంది. ఇంగ్లీషు ఆర్‌లో నాలుక వెనక్కి ముడుచుకుని ఎక్కడా తగలకుండా ఉంటుంది. స్పానిష్‌లో ఆ ముడత ఉండకూడదు.

దీనికి మరో ముఖం: అచ్చుల మధ్య స్పానిష్ డి ని అమెరికన్ డి లాగ పలికితే స్పానిష్ చెవికి అది ఆర్. "తొదొ" (అంతా) అనబోయి "తొరొ" (ఎద్దు) అంటారు. "కాదా" (ప్రతి) "కారా" (ముఖం) అవుతుంది.

ఇప్పుడు మోగే ఆర్. "పెరొ" అంటే "కానీ", "పెర్రొ" అంటే కుక్క. "కారొ" ఖరీదైనది, "కార్రొ" బండి. ఇది నాలుకని గబగబా ఆడించడం కాదు. గాలికి జెండా ఆడినట్టు నాలుక కొస తనంతట తాను ఆడాలి. దానికి మూడు కుదరాలి. నాలుక పక్కలు పైదవడ పళ్ళకి ఆని గాలి పక్కలనుంచి పోకుండా మూయాలి. కొస పళ్ళ వెనక గట్టుకి వదులుగా ఆనాలి. అప్పుడు గాలి బలంగా రావాలి. కొసని బిగిస్తే ఏదో "జ్జ్" లాంటి శబ్దం వస్తుంది. పక్కలు వదిలేస్తే "ల్ల్" అంటూ గాలి జారిపోతుంది. గొంతులో గరగరలాడిస్తే అది ఫ్రెంచివాళ్ళ ఆర్ అవుతుంది. ఆ మూడోది అలవాటైతే మాన్పించడం చాలా కష్టం, మొదట్లోనే ఆపాలి.

సాధన: ముందు గొంతు మోగించకుండా, ఊపిరితోనే "త్‌ర్ర్" అనాలి. గొంతు మోగకపోతే గాలికి అడ్డు తక్కువ, కొస తొందరగా కదులుతుంది. అది వచ్చాక "ద్ర్ర్" తో గొంతు కలపాలి. తర్వాత "త్రెస్", "ఒత్రొ", ఆపైన "పెర్రొ", చివరికి "ర్రొహొ" లాంటి ఆర్‌తో మొదలయ్యేవి. రోజుకోసారి అరగంట కూర్చునే కంటే మూడేసి నిమిషాలు ఆరేడు సార్లు మంచిది. నాలుక అలిసితే బిగుసుకుంటుంది, బిగుసుకుంటే ఇక రాదు. రెండు మూడు తాకిళ్ళు చాలు, మోటారు సైకిలు స్టార్ట్ చేయక్కర్లేదు.

ఎక్కడెక్కడ మోగాలి అంటే: రెండు ఆర్‌లు రాసిన చోట, మాట మొదట్లో, ఎన్, ఎల్, ఎస్ ల తర్వాత. "ఒన్ర్రా", "ఆల్ర్రెదెదొర్". ఈ చివరి నియమం పాఠ్యపుస్తకం మూలన ఉంటుంది, ఎవరూ చదవరు.

#9 పలకాబలపం

శకటరేఫ గారూ, మీ పేరే చెప్తోంది కదా, తెలుగులో ఇది ఉన్నట్టే కదా?

#10 శకటరేఫ

ఉండేది, ఇంకో రూపంలో ఇప్పటికీ ఉంది. పాత తెలుగులో ర, ఱ వేరు. శకటరేఫ, అంటే బండి ర, అని పిలిచేది రెండోదాన్నే. ఇప్పుడు విడి ఱ పోయింది గానీ "గుర్రం", "బర్రె", "కర్ర", "ఎర్ర" లలో ర్ర మోగుతూనే ఉంది. "బర్రె" అనగలిగే పిల్లాడు "పెర్రొ" అనగలడు. ఆ రెండూ వెంటవెంటనే అనిపించండి.

ఒక్కటే తేడా. తెలుగులో మాట మొదటి ర తేలిక. "రోజు", "రాత్రి" అన్నట్టే "రొహొ" అనేస్తాం. అక్కడ మోగించడం ప్రత్యేకంగా నేర్చుకోవాలి. "ఎర్ర" లోంచి ఎ తీసేస్తే మిగిలేది అదే. భలే కుదిరిందేమిటంటే, "ర్రొహొ" అంటే అర్థం కూడా ఎరుపే.

#11 వెనకబెంచి

బి, వి తేడా ఏమిటి? మా లెక్చరర్ ఒక్కటే అంటారు, పాటల్లో వింటే రెండు రకాలుగా ఉంది.

#12 నాలుకకొస

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అక్షరాలు రెండు, ధ్వనులు రెండు, కానీ ఆ రెంటికీ ఈ రెంటికీ సంబంధం లేదు. మాట్లాడటం మొదలెట్టినప్పుడు, మ్ లేదా న్ తర్వాత గట్టి బ. మిగతా అన్ని చోట్లా మెత్తనిది: రెండు పెదవులూ దగ్గరకొచ్చి తగలకుండా ఆగిపోవాలి. తెలుగు వ కి దగ్గరగా ఉంటుంది, కాకపోతే పై పళ్ళ ప్రమేయం ఉండదు. ఇంగ్లీషు వి లో కింది పెదవి పళ్ళకి రాసుకుంటుంది, ఆ రాపిడి అసలు కూడదు. "వామోస్" అని రాసి ఉన్నా మొదట్లో "బామొస్". "బి" తో రాసే "లొబొ" (తోడేలు) మధ్యలో మెత్తగా, వ వైపు.

ద, గ లకీ ఇదే పద్ధతి. ద మెత్తబడితే ఇంగ్లీషు "మదర్" మధ్యలోని ధ్వనిలాగ, ఇంకా తేలిగ్గా. ద కి ఒక్క మినహాయింపు, ల్ తర్వాత కూడా గట్టిగానే. గ మెత్తబడితే నాలుక వెనక భాగం అంగుడికి తగలదు, "ఆగువా" లో గ సగం కరిగిపోయినట్టుంటుంది. పైన శకటరేఫ గారు చెప్పిన "తొదొ–తొరొ" గొడవకి మందు ఈ మెత్తటి ద యే.

#13 ఊనికరాయుడు

అందరూ హల్లుల మీద పడ్డారు. ఊనిక ఎక్కడ? (ఒత్తు అంటే మనవాళ్ళు ఖ, ఘ అనుకుంటారు, అందుకే ఊనిక అంటున్నా.)

నియమం ఇంత సులువుగా ఉన్న భాష అరుదు. మాట అచ్చుతో గానీ, ఎన్, ఎస్ లతో గానీ ముగిస్తే చివరినుంచి రెండో అక్షరం (ఒక్క దెబ్బలో పలికే ముక్క) మీద. ఇంకే హల్లుతో ముగిసినా చివరిదాని మీద. ఈ లెక్క తప్పే మాట అయితే ఆ అచ్చు నెత్తిన గీత ఉంటుంది. "ఆబ్లొ" మొదటిదాని మీద ఊనితే నేను మాట్లాడతాను, చివరిదాని మీద ఊనితే ఆయన మాట్లాడాడు. "తెర్మినొ" ఇంకా తమాషా: మొదటిదాని మీద ఊనితే గడువు లేదా పదం, రెండోదాని మీద అయితే నేను ముగిస్తాను, మూడోదాని మీద అయితే ఆమె ముగించింది.

ఇంగ్లీషువాళ్ళకి ఊనిక కొత్త కాదు, తప్పు చోట పడుతుంది. "హాస్పిటల్", "డాక్టర్", "యానిమల్" మొదట ఊనుతారు. స్పానిష్‌లో "ఒస్పితాల్", "దొక్తొర్", "ఆనిమాల్" మూడూ చివరే. తెలుగులో ఊనికతో అర్థం మారదు కాబట్టి మనకి వేరే కష్టం, ఆ తేడా చెవికే ఆనదు. మాటల జతని రికార్డు చేసి, ఏది ఏదో కళ్ళు మూసుకుని గుర్తుపట్టడంతో మొదలుపెట్టాలి. పలకడం ఆ తర్వాతే.

#14 చెవిలోజోరీగ

ఊనికరాయుడు గారితో ఒక్క విషయంలో విభేదిస్తా. మన కష్టం చెవిది మాత్రమే కాదు. ఊనిక అనగానే దీర్ఘం పెట్టేస్తాం, అదీ తప్పే. కాస్త బిగ్గరగా, గొంతు స్థాయి కాస్త మారుతూ, కొద్దిగా పొడుగ్గా, ఈ మూడూ కలిసి రావాలి.

#15 వెనకబెంచి

స్పెయిన్‌లో సి, జెడ్ లని నాలుక పళ్ళ మధ్య పెట్టి అంటారుగా? ఏది నేర్చుకోవాలి?

#16 నాలుకకొస

అమెరికాలో ఉన్నవాళ్ళయితే "స" చాలు. లాటిన్ అమెరికా అంతా, కానరీ దీవులు, ఆండలూసియాలో చాలాచోట్ల "స" యే. మధ్య, ఉత్తర స్పెయిన్‌లో "కాసా" ఇల్లు, ఎస్ స్థానంలో జెడ్ ఉన్నది వేట, రెండూ వేరుగా వినిపిస్తాయి. ఆ రెండోది ఇంగ్లీషు "థింక్" మొదటి ధ్వని, ఇంగ్లీషు పిల్లలకి కష్టమే కాదు. ఏదైనా ఒకటే పట్టుకోవాలి, రెండూ కలిపితే ఎక్కడి యాసా కాదు.

జె అక్షరం (వాళ్ళు "హొతా" అంటారు) స్పెయిన్‌లో గొంతు దగ్గర గరుగ్గా ఉంటుంది, కరీబియన్ దీవుల్లో, కొలంబియాలో మామూలు హ. హెచ్ అక్షరం మాత్రం ఎక్కడా పలకదు. ఎల్ అక్షరం రెండుసార్లు వస్తే ఎక్కువ చోట్ల య: "కాయె" అంటే వీధి. బ్యూనస్ ఎయిర్స్‌లో దాన్నే "కాషె" అంటారు. ఎల్ ఒక్కటే ఉంటే తెలుగు ల, మాట చివర కూడా. ఇంగ్లీషు "ఆల్", "మిల్క్" లలో నాలుక వెనక భాగం పైకి లేచి మొద్దుబారే ల పనికిరాదు.

#17 శకటరేఫ

సున్న గురించి ఎవరూ చెప్పలేదేం? "ఉన్" అంటే ఒక. దాని తర్వాత "బాసొ" (గ్లాసు) వస్తే "ఉంబాసొ", "దెదొ" (వేలు) వస్తే "ఉందెదొ", "గాతొ" (పిల్లి) వస్తే "ఉంగాతొ". మన సున్న "సంబరం", "సందడి", "సంగతి" లలో చేసే పనే ఇది. ఇంగ్లీషువాడు ఎన్ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని తర్వాత మాట అందుకుంటాడు.

అలాగే మాటల మధ్య అతుకు. "లొస్ ఆమిగొస్" అని విడదీయకూడదు, "లొసామిగొస్". "మి ఆమిగొ" దాదాపు "మ్యామిగొ". ఇంగ్లీషు నోరు ఇలాంటి చోట గొంతులో చిన్న నొక్కు నొక్కుతుంది, తెలుగు నోరు య దూర్చి "లాయెస్కుఎలా" అంటుంది (మాయమ్మ అలవాటు). రెండూ వద్దు.

#18 పెసరట్టు_ప్లస్_తాకో

సాయం చేసే తెలుగు పెద్దలకి ఇంకో రెండు జాగ్రత్తలు. మన చ రెండు రకాలు. "చేను" లోది వేరు, "చోటు" లోది వేరు. "ముచొ", "చొకొలాతె" అన్నప్పుడు "చోటు" చ వస్తే "ముత్సొ" అవుతుంది. అన్ని చోట్లా "చేను" లో చ యే పెట్టాలి. రెండోది, హల్లుతో ముగిసే మాటకి ఉ తగిలించడం, బస్సు, కారు అన్నట్టు. "మార్" అంటే సముద్రం. "మారు" అంటే ఏమీ కాదు.

#19 పలకాబలపం

చాలా దొరికిందండీ. రోజుకి ఇరవై నిమిషాలే ఉంటే ఎలా పంచాలి? ఎన్ నెత్తిన అల ఉన్న అక్షరం సంగతి కూడా చెప్పండి.

#20 చెవిలోజోరీగ

మొదటి రెండు వారాలు పది నిమిషాలు అచ్చులకే, పెన్సిలు దెబ్బలతో. ఐదు నిమిషాలు టిష్యూ కాగితం. మిగతా ఐదు విడగొట్టి రోజంతా చిన్న చిన్న ముక్కలుగా ఆర్ కి. ఊనిక కోసం వేరే సమయం వద్దు, చదివే ప్రతి వాక్యంలోనూ ముందు ఊనిక కింద గీత గీసి ఆ తర్వాతే చదివించండి. వారానికోసారి అదే పేరాని రికార్డు చేసి పాతదాని పక్కన పెట్టి వినిపించండి. ఒక రికార్డింగులో ఒక్క తప్పే దిద్దండి. ఐదు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

అల ఉన్న ఎన్ అంటే మన ఞ. ఇంగ్లీషువాళ్ళు "కాన్యన్" లోలాగ న, య విడివిడిగా అంటారు. మనమూ ఞ ని "పంచె", "గంజి" లలో తప్ప విడిగా పలకం కాబట్టి "న్య" అనేస్తాం. నాలుక కొసని కింది పళ్ళ వెనక పెట్టేసి, నాలుక మధ్యభాగాన్ని అంగుడికి వెడల్పుగా ఆనించి ముక్కుతో పలకాలి. "ఉరాఞొ" అంటే ఎవరితోనూ కలవనివాడు, "ఉరానియొ" అంటే యురేనియం. ఇక అల మర్చిపోయి ఉత్త న పలికితే, "నాకు పదిహేను ఏళ్ళు" అనే వాక్యంలో "ఏళ్ళు" బదులు శరీరంలో చెప్పుకోకూడని చోటు వస్తుంది. క్లాసులో నవ్వు ఎందుకొచ్చిందో పిల్లాడికి ముందే చెప్పి ఉంచండి.

#21 వెనకబెంచి

ఆ వాక్యం మా క్లాసులో అందరూ రోజూ అంటున్నారు 😅

#22 ఊనికరాయుడు

"ఆఞొస్" అనండి, మొదటి ఆ మీద ఊనిక, రెండో అచ్చు నలపకుండా.